విద్యార్థుల చేత చదివించడానికి ఏ ఆన్‌లైన్ పఠన వేదిక మేలు?

పాఠ్యపుస్తకం కాని పుస్తకాన్ని పిల్లల చేత చదివించాలనుకునే ఉపాధ్యాయులకు ఈనాడు వేదికల కరవు లేదు. తరగతి వాట్సాప్ గ్రూపు చేతిలోనే ఉంది. స్టోరీవీవర్, గుడ్‌రీడ్స్, స్టోరీగ్రాఫ్, ప్రతిలిపి, తెలుగు వికీసోర్స్ వంటి వాటిలో పైసా ఖర్చు లేకుండానే పని మొదలుపెట్టవచ్చు. పైకి ఇవన్నీ ఒకే పనికి పుట్టినట్టు కనిపించినా, కొన్ని పుస్తకం ఇస్తాయి గాని మాట్లాడుకునే చోటు ఇవ్వవు. కొన్ని మాట్లాడుకునే చోటు ఇచ్చి పుస్తకం మీరే తెచ్చుకోండి అంటాయి. మరికొన్ని రెండూ ఇస్తాయి గాని ఆ చోటు బడి పిల్లలకు తగినది కాదు. ఈ తేడా చూసుకోకుండా పక్క బడిలో బాగా నడిచిందని విని మన బడిలో మొదలుపెట్టిన గ్రూపులు దసరా సెలవులు దాటకముందే చల్లబడిపోవడం చాలాచోట్ల కనిపించేదే.

ఆన్‌లైన్ సమూహంలో చేర్పిస్తే చాలు, పిల్లలు చదువరులవుతారని చాలామంది ఆశపడతారు. సమూహం నేరుగా చేయగలిగింది అంతకంటే చిన్న పని: చదివినదాని గురించి నలుగురితో చెప్పాలన్న కోరికను పుట్టించడం. చెప్పడం కోసం, లేదా ఎదుటివారు చెప్పినది నిజమో కాదో చూడడం కోసం పిల్లవాడు మళ్లీ పుస్తకం తెరిస్తే పని జరిగినట్టే. పుస్తకం తెరవకుండానే మాటలు సాగిపోతుంటే అది ఇంకొక కాలక్షేపపు గ్రూపు అవుతుంది. అందుచేత ఏ వేదికను పరిశీలించినా, పుస్తకానికీ దాని గురించి మాట్లాడుకునే చోటికీ మధ్య ఎంత దూరం ఉందన్నదే నా దృష్టిలో మొదటి కొలత. పుస్తకం ఊళ్లో దొరకక, చర్చ మాత్రం ఫోన్‌లో జరిగితే పిల్లలు సారాంశం విని మాట్లాడడం నేర్చుకుంటారు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపిన గ్రంథాలయోద్యమం వారికి ఈ సంగతి బాగా తెలుసు. వారు ముందు పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చారు.

ఎంచుకునే ముందు

వేదికల గుణదోషాలకు వెళ్లే ముందు మన పిల్లల చేతిలో ఉన్న ఫోన్ ఎవరిదో తేల్చుకోవాలి. పిల్లల చదువు స్థితిపై జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. వారిలో, సర్వేకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి ఫోన్ వాడినవారు 57 శాతం కాగా, సామాజిక మాధ్యమాలు చూసినవారు 76 శాతం. ఫోన్ వాడడం వచ్చినంత మాత్రాన ఫోన్ తమదే అయినట్టు కాదన్నది ఇక్కడ ముఖ్యం. చాలా ఇళ్లలో ఫోన్ తండ్రితో పాటు ఉదయమే పనికి వెళ్లి చీకటి పడ్డాక తిరిగి వస్తుంది. అప్పటికి దాని కోసం అన్నా చెల్లెళ్లు ఇద్దరు ముగ్గురు ఎదురుచూస్తుంటారు. అటువంటి ఇంటి పిల్లలకు సాయంత్రం ఐదింటికి ప్రత్యక్ష చర్చ అని ప్రకటించడమంటే వారిని ముందే బయట నిలబెట్టడమే. ఎప్పుడు వీలైతే అప్పుడు చూసి, ఎప్పుడు వీలైతే అప్పుడు బదులివ్వగలిగిన పద్ధతి ఉన్న వేదికనే మన బడులకు ఎంచుకోవాలి.

రెండోది వయసు. గుడ్‌రీడ్స్, వాట్సాప్ వంటివి తమ నిబంధనల్లో 13 ఏళ్ల కనీస వయసు పెట్టాయి కనుక ఎనిమిదో తరగతి లోపు పిల్లల పేరిట సొంత ఖాతాలు తెరిపించడం సబబు కాదు. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఇంకా ముందుకు వెళ్లి, 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కించింది. వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగిన సమ్మతి ఉండాలంటుంది. ఆ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తున్నా, బడి మాత్రం ఇప్పటినుంచే ఒక కాగితం మీద ఏ వేదిక, ఎందుకు, పిల్లవాడి పేరు ఎవరికి కనిపిస్తుంది, ఎప్పుడు తీసేస్తాం అన్న నాలుగు సంగతులు తెలుగులో రాసి తల్లిదండ్రుల సంతకం తీసుకోవడం మంచిది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ కాగితం చదివి వినిపిస్తే, "ఫోన్ ఇవ్వొద్దని మీరే అంటారు, ఇప్పుడు మీరే ఇవ్వమంటున్నారు" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దానికి జవాబు ఉపాధ్యాయుల దగ్గర సిద్ధంగా ఉండాలి: వారానికి ఎన్ని నిమిషాలు, ఏ పనికి అన్నది స్పష్టంగా చెప్పగలగాలి.

మూడోది ఉపాధ్యాయుల సమయం. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గాని, గ్రూపులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. 40 మంది పిల్లలు తలా ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపితే వినడానికే 40 నిమిషాలు పడుతుంది. ప్రతి దానికీ బదులివ్వాలంటే గంటన్నర. వారానికి ఒకసారి అయితే ఇది సాధ్యం, రోజూ అయితే సాధ్యం కాదు.

వాట్సాప్ గ్రూపు

అందరికీ అలవాటైనది, కొత్తగా నేర్పవలసిన అవసరం లేనిది, తక్కువ డేటాతో నడిచేది వాట్సాప్. తెలుగు టైపు చేయడం రాని పిల్లలు మాట్లాడి పంపగలరు. ఇది చిన్న సౌకర్యం కాదు. గ్రూపులో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే పిల్లవాడు రెండు మాటలతో ముగిస్తాడు, అదే పిల్లవాడు వాయిస్‌లో కథలోని దొంగ ఎలా దొరికిపోయాడో ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. చదవడం వెనకబడిన పిల్లలకు కూడా తాము చదివిన ఒక పేరాను చదివి వినిపించే అవకాశం ఇందులో ఉంది.

లోపాలు కూడా అంతే స్పష్టం. గ్రూపులో ఉన్న ప్రతివారి నంబరూ మిగిలిన అందరికీ కనిపిస్తుంది. ఆడపిల్లల తల్లిదండ్రులు దీనికి అభ్యంతరం చెబితే అది పూర్తిగా న్యాయమైన అభ్యంతరమే. వాట్సాప్ కమ్యూనిటీలోని ప్రకటనల విభాగంలో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు గాని అది ప్రధానంగా అడ్మిన్లు చెప్పడానికి ఉద్దేశించినది కనుక, ఈ వారం కథ ఇదీ అని పంపడానికి పనికొస్తుంది తప్ప పిల్లల మధ్య మాటకు అంతగా పనికిరాదు. దీనికి మధ్యేమార్గం ఒకటుంది: పిల్లలు తమ వాయిస్ మెసేజ్‌ను ఉపాధ్యాయులకు విడిగా పంపుతారు, ఉపాధ్యాయులు వాటిలో నాలుగైదు ఎంచి పేరుతో సహా తరగతి గదిలోనే వినిపిస్తారు. అప్పుడు నంబర్లు బయటపడవు, మాట నలుగురిలో పడుతుంది, ఫోన్ లేని పిల్లలు కూడా వింటారు. ఇలా నడిపితే వాట్సాప్ కేవలం పోస్టు డబ్బాగా మిగులుతుంది, సమూహం తరగతి గదిలో ఉంటుంది. నాకు ఈ ఏర్పాటే అన్నిటికన్నా నమ్మకమైనదిగా తోస్తుంది.

వాట్సాప్‌లో చర్చ బతకడం, చావడం అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. "కథ ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్ సార్" అని ఒకరు, బొటనవేలి గుర్తుతో పదిమంది, అంతటితో సరి. "ఏ పేజీ దగ్గర ఆగి మళ్లీ వెనక్కి వెళ్లి చదివారు?" అని అడిగితే పుస్తకం తెరవక తప్పదు. "ఈ కథలో ఎవరో ఒకరు అబద్ధం చెప్పారు, ఎవరు, ఏ వాక్యంలో?" అన్న ప్రశ్నకు ఇద్దరు పిల్లలు వేర్వేరు జవాబులు చెబితే మిగిలిన వారు తీర్పు చెప్పడానికైనా కథ చదువుతారు. జవాబు కథలో ఒకచోట వేలుపెట్టి చూపగలిగేదిగా ఉండాలి, అయినా ఒకే జవాబు ఉండకూడదు. ఇలాంటి ప్రశ్నలు వారానికి రెండు తయారు చేయడం ఏ యాప్ కూడా మన కోసం చేసిపెట్టదు.

గ్రూపులో శుభోదయాలు, పండుగ శుభాకాంక్షలు, సెలవు ప్రకటనలు కలవనీయకూడదు. హోంవర్క్ గ్రూపునే పుస్తకాల గ్రూపుగా వాడితే లెక్కల స్లిప్ టెస్ట్ మార్కుల కింద కథ మునిగిపోతుంది.

స్టోరీవీవర్

పుస్తకం చేతికి అందడం అన్న కొలతతో చూస్తే ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతులకు దీనితో పోటీపడగలిగినది నాకు కనబడలేదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు ఈ పిల్లల కథల వెబ్‌సైటును ప్రారంభించింది. ఇందులోని కథలు నాలుగు స్థాయిలుగా ఉంటాయి: మొదటి స్థాయి కథలు 250 పదాల లోపు, రెండోవి 600 వరకు, మూడోవి 1500 వరకు, నాలుగోవి అంతకు మించి. ఏడో తరగతిలో ఉండి రెండో తరగతి వాచకం తడబడుతూ చదివే పిల్లవాడికి ఏ పుస్తకం ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ స్థాయిలు సూటిగా దారి చూపిస్తాయి. తెలుగు కథలు ధారాళంగా ఉన్నాయి. రెండు భాషలు పక్కపక్కన ఉండే పుస్తకాలు కూడా దొరుకుతాయి.

దీని అసలు బలం అనుమతిలో ఉంది. కథలు చాలావరకు క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఉన్నందున దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి పంచుకోవచ్చు, అనువదించవచ్చు. ఇంటర్నెట్ సరిగా లేని బడిలో ఒక ఉపాధ్యాయుడు పట్టణానికి వెళ్లినప్పుడు పది కథలు దించుకుని, జిరాక్స్ తీయించి, మధ్యలో పిన్ను కొట్టి తీగకు వేలాడదీస్తే అదే తరగతి గ్రంథాలయం. ఆన్‌లైన్ వేదిక గురించి రాస్తూ కాగితానికి ఓటు వేయడం వింతగా ఉండవచ్చు గాని, పది మంది ఒకేసారి చదవాలంటే ఒక్క ఫోన్ కన్నా పది కాగితాల ప్రతులే నయం.

అయితే ఇది మాట్లాడుకునే చోటు కాదు. కథ నచ్చిందని గుర్తు పెట్టవచ్చు, అంతవరకే. పిల్లల మధ్య మాట జరగాలంటే దీనికి పైన చెప్పిన వాట్సాప్ ఏర్పాటునో, బడిలోని గ్రంథాలయ పీరియడ్‌నో జతచేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో "చదవడం మాకిష్టం" కార్యక్రమం మొదలైన నాటినుంచి బడి సమయంలో చదవడానికి కొంత వేళ కేటాయించాలన్న మాట ఉపాధ్యాయులకు కొత్త కాదు. ఆ వేళకు కథలు ఎక్కడినుంచి తేవాలన్నదానికి స్టోరీవీవర్ మంచి జవాబు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలైతే ఇంకో అడుగు వేయవచ్చు. ఇంగ్లిషులోనో హిందీలోనో ఉన్న రెండో స్థాయి కథను ముగ్గురు కలిసి తెలుగులోకి మార్చి కిందితరగతి పిల్లలకు చదివి వినిపిస్తే, ఆ ముగ్గురూ ఆ కథను ఎన్నిసార్లు చదివి ఉంటారో వారికే లెక్క ఉండదు. ప్రచురించాలంటే ఉపాధ్యాయుల ఖాతా నుంచే, వారు సరిచూశాకే ప్రచురించాలి.

పై తరగతుల పిల్లలకు ఇక్కడి కథలు త్వరలోనే చిన్నపిల్లల కథలుగా అనిపిస్తాయి. పదో తరగతి అబ్బాయి స్నేహితుల ముందు బొమ్మల కథ చదవడానికి సిగ్గుపడతాడు, కింది తరగతివాళ్లకు చదివి వినిపించమంటే మాత్రం పడడు. ఇంతకుమించి కావాలంటే సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వంటి ప్రచురణ సంస్థల పుస్తకాలు కొని బడిలో పెట్టుకోవడమే దారి.

గుడ్‌రీడ్స్, స్టోరీగ్రాఫ్

గుడ్‌రీడ్స్ 2007లో మొదలై 2013లో అమెజాన్ చేతికి వెళ్లింది. చదివిన, చదువుతున్న, చదవాలనుకుంటున్న పుస్తకాలను అరల్లో సర్దుకోవడం, నక్షత్రాలు ఇవ్వడం, సమీక్ష రాయడం, ఏడాదికి ఇన్ని పుస్తకాలు అని లక్ష్యం పెట్టుకోవడం ఇందులోని ప్రధానమైన పనులు. ఇంగ్లిషు నవలలు చదివే ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులకు తరువాత ఏం చదవాలో తెలుసుకోవడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. పుస్తకాన్ని మాత్రం ఇది ఇవ్వదు. తెలుగు పుస్తకాల వివరాలు పలుచగా ఉంటాయి. ఒకే పుస్తకం తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిషు అక్షరాల్లో మరోసారి నమోదై, సమీక్షలు చీలిపోయి కనిపించడం మామూలే. వేదికలో లేని పుస్తకాలను చేర్పించే వీలుంది కనుక, ఒక కళాశాల గ్రంథాలయాధికారి తమ దగ్గరి తెలుగు పుస్తకాల వివరాలను విద్యార్థుల చేత చేర్పించే పని పెట్టుకుంటే అది మెచ్చదగిన పనే, కాని అది జాబితా తయారీ అవుతుంది గాని పఠనం కాదు.

బడి పిల్లల విషయంలో నాకు దీనిపై ఉన్న పెద్ద అభ్యంతరం ఆ వార్షిక లక్ష్యం. ఏడాదికి 30 పుస్తకాలు అని లక్ష్యం పెట్టుకున్న పిల్లవాడు 400 పేజీల నవల వైపు చూడడు, పలుచనివి ఏరుకుంటాడు. సంఖ్యకు బహుమతి కూడా కలిస్తే ఇంకా చెడుతుంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లలపై చేసిన ప్రయోగం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. బొమ్మలు వేయడం సహజంగా ఇష్టపడే పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. తరువాత తీరిక వేళల్లో ఆ పిల్లలే బొమ్మల మీద తక్కువ సమయం గడిపారు. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చినవారిలో, అసలు ఇవ్వనివారిలో ఆ తగ్గుదల రాలేదు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టకూడదన్నది దీని సారం. గోడ మీద పుస్తకాల సంఖ్యతో పట్టిక వేసి మొదటి ముగ్గురికి బహుమతులు ప్రకటించే ముందు, అసలే చదవడం ఇష్టపడే పిల్లలకు ఆ పట్టిక ఏం చేస్తుందో కూడా ఆలోచించాలి. చదవడం ఏమాత్రం అలవాటు లేని పిల్లవాడి చేత మొదటి పుస్తకం తెరిపించడానికి చిన్న ఆశ చూపడం వేరు; దాన్ని నేను తప్పుపట్టను.

స్టోరీగ్రాఫ్ కొంత మెరుగు. నాడియా ఒడునాయో 2019లో తెచ్చిన ఈ వేదిక, పుస్తకం ఏ ధోరణిలో సాగుతుంది, వేగంగానా నెమ్మదిగానా, ఇబ్బంది పెట్టే విషయాలు ఏవైనా ఉన్నాయా అన్న వివరాలు చెబుతుంది. కలిసి చదివే ఏర్పాటు ఇందులో ప్రత్యేకం: ఒకరు 120వ పేజీ దగ్గర ఏదైనా రాస్తే, మిగిలినవారు అక్కడిదాకా చదివితే తప్ప అది వారికి కనబడదు. స్నేహితురాలు ఏం రాసిందో చూడాలంటే చదవాల్సిందే. మాటను పుస్తకంలోని ఒక చోటికి కట్టివేసే ఈ పద్ధతి నేను పైన చెప్పిన కొలతకు అచ్చంగా సరిపోతుంది. తెలుగు పుస్తకాలు ఇందులో ఇంకా తక్కువ, అంతా ఇంగ్లిషులోనే సాగుతుంది కాబట్టి ఇంగ్లిషు మాధ్యమంలో పదకొండు, పన్నెండు తరగతులు చదివేవారికి, నలుగురైదుగురు స్నేహితుల చిన్న జట్లకు మాత్రమే సూచిస్తాను. తెలుగు తరగతిలో ఇదే పద్ధతిని కాగితంతో చేయవచ్చు: పుస్తకం చివరి అట్టకు ఒక కవరు అంటించి, ఫలానా పేజీ దాకా వచ్చినవారే తీసి చదవాలని రాసిన చీటీలు అందులో పెట్టడం.

ప్రతిలిపి, వాట్‌ప్యాడ్

వీటి గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలో తెలుగు కథలకు, ధారావాహికలకు లోటు లేదు. చదివినవారు కిందనే అభిప్రాయం రాస్తారు, రచయిత బదులిస్తారు. పుస్తకం, మాట ఒకే చోట ఉండడంలో దీనిది మొదటి స్థానమే. కాని అక్కడి రచనల్లో ఎక్కువ భాగం పెద్దవారి కోసం రాసినవి. ప్రణయ కథలు, దాంపత్య కలహాల ధారావాహికలు ముందుకు వస్తుంటాయి, ఎవరైనా ఎవరికైనా సందేశం పంపవచ్చు, తరువాతి భాగం చూడాలంటే కొన్నింటికి డబ్బు కట్టాలి. బడి తరఫున పిల్లలను అక్కడికి పంపకూడదని నా అభిప్రాయం. రాయాలన్న ఆసక్తి ఉన్న డిగ్రీ విద్యార్థులు తమంతట తాము వెళితే అది వేరు. ప్రతి వారం ఒక భాగం రాసి తెలియని పాఠకులను నిలబెట్టుకోవడం వారికి మంచి సాధన. ఇంగ్లిషులో ఇటువంటిదే అయిన వాట్‌ప్యాడ్‌కూ ఇదే వర్తిస్తుంది.

తెలుగు వికీసోర్స్

దీనిని పఠన సమూహంగా ఎవరూ చూడరు, నా లెక్కలో తొమ్మిదో తరగతి పైబడినవారికి ఇది దాచిన నిధి. కాపీహక్కులు తీరిన పుస్తకాలను, అంటే మన దేశంలో సాధారణంగా రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లు గడిచిన వాటిని, స్వచ్ఛందంగా వచ్చినవారు ఇక్కడ అక్షరరూపంలోకి తెస్తున్నారు. ఒక పక్క పాత పుస్తకపు పేజీ ఫొటో ఉంటుంది, మరో పక్క యంత్రం గుర్తుపట్టి ఇచ్చిన పాఠం ఉంటుంది. యంత్రం "మ"ను "వు"గా చదివి ఉండవచ్చు, అరసున్నలను వదిలేసి ఉండవచ్చు, బండి ఱకు బదులు మరేదో పెట్టి ఉండవచ్చు. విద్యార్థి రెండు పక్కలా చూస్తూ అక్షరం అక్షరం సరిచేస్తాడు. ఇంత నిదానంగా చదివించే పని ఇంకేది ఉంటుంది? పైగా సరిదిద్దిన పేజీ పసుపు రంగులోకి మారుతుంది. దాన్ని ఆకుపచ్చగా మార్చాలంటే మరొకరు మళ్లీ చదివి ఒప్పుకోవాలి, మొదటివారికి ఆ వీలు ఉండదు. ఒకరి చదువును మరొకరు చదివి చూడడమన్నది ఇక్కడ ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది. ఒక పదం దగ్గర అది ముద్రారాక్షసమా, ఆనాటి రాతా అన్న వాదన వస్తే నిఘంటువు తెరవాల్సి వస్తుంది.

కష్టాలు ఉన్నాయి. ఫోన్‌లో ఈ పని ఇబ్బంది. కంప్యూటర్ గది, యూనికోడ్ తెలుగు టైపింగ్ కావాలి. మార్పులు అందరికీ కనిపిస్తాయి కాబట్టి విద్యార్థులు అసలు పేరుతో, బడి పేరుతో ఖాతా తెరవకూడదు. పాత పుస్తకాల్లోని కొన్ని భావాలు, ముఖ్యంగా కులం, స్త్రీల గురించినవి, పిల్లల చేతికి వివరణ లేకుండా ఇవ్వదగినవి కావు కనుక పుస్తకాన్ని ఉపాధ్యాయులే ముందు చదివి ఎంచాలి. నవలతో కాకుండా పొట్టి కథల సంపుటితోనో, ప్రయాణ అనుభవాలతోనో మొదలుపెట్టి, ఒక విద్యార్థికి వారానికి రెండు పేజీలు మించకుండా ఇస్తే పని సాగుతుంది.

ఎవరికి ఏది

ఒకటి నుంచి ఐదు తరగతుల వారికి ఆన్‌లైన్ సమూహం అవసరం లేదు. స్టోరీవీవర్ కథలు అచ్చువేసి ఇవ్వడం, వారం వారం ఒకరు తరగతి ముందు చదవడం చాలు. ఖాతా ఒక్కటే, అది ఉపాధ్యాయులది. ఆరు నుంచి ఎనిమిది వరకు అదే స్టోరీవీవర్‌కు వాయిస్ మెసేజ్‌ల ఏర్పాటు కలపాలి. తొమ్మిది, పది తరగతుల్లో కంప్యూటర్ గది పనిచేస్తున్న బడి అయితే వికీసోర్స్‌ను, లేకపోతే గ్రంథాలయ పుస్తకాలు, వాయిస్ మెసేజ్‌ల జోడీని ఎంచుకోవాలి. బడికి విద్యాసంస్థల గూగుల్ ఖాతాలు ముందే ఉంటే వాట్సాప్‌కు బదులు గూగుల్ క్లాస్‌రూమ్ వాడవచ్చు. అందులో ఫోన్ నంబర్లు బయటపడవు, అదుపు ఉపాధ్యాయుల చేతిలో ఉంటుంది. కొత్తగా ఖాతాలు తెరిపించి పాస్‌వర్డ్‌లు మర్చిపోయే పిల్లలతో పాట్లు పడేంత లాభం మాత్రం అందులో లేదు. కళాశాల స్థాయిలో ఇంగ్లిషు పఠనానికి స్టోరీగ్రాఫ్ చిన్న జట్లు, తెలుగుకు వికీసోర్స్ సరిపోతాయి.

విదేశాల్లో తెలుగు నేర్చుకునే పిల్లల సంగతి వేరు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి తరగతులకు వెళ్లే పదేళ్ల పిల్లవాడు ఇంగ్లిషులో పెద్ద నవలలు చదువుతూ, తెలుగులో మొదటి స్థాయి కథ దగ్గర ఉంటాడు. వయసుకు తగిన కథ ఇస్తే చదవలేడు, చదవగలిగిన కథ ఇస్తే చిన్నపిల్లలదని పక్కన పెడతాడు. రెండు భాషల పుస్తకాలు ఇక్కడ బాగా పనికొస్తాయి. సమూహం కూడా తోటిపిల్లలతో కాకుండా మన దేశంలో ఉన్న అమ్మమ్మ, తాతయ్యలతో ఏర్పరచడం మేలు. పిల్లవాడు రెండు పేజీలు చదివి వాయిస్ పంపితే, అటునుంచి అమ్మమ్మ కథలోని వంటకం తమ ఇంట్లో ఎలా చేసేవారో చెబుతూ బదులు పంపుతుంది. మనకు పగలైతే వారికి రాత్రి కాబట్టి ప్రత్యక్ష మాటకన్నా ఇదే కుదురుతుంది. అమెరికాలో 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి 1998 నుంచే ప్రత్యేక చట్టం ఉన్నందున, అక్కడి తల్లిదండ్రులు తమ ఫోన్ నుంచే పంపడం పద్ధతి.

ఏ వేదికను ఎంచుకున్నా అది పదేళ్లు ఉంటుందని అనుకోకూడదు. గుడ్‌రీడ్స్ వంటిదే అయిన షెల్ఫారీ 2016లో గుడ్‌రీడ్స్‌లోనే కలిసిపోయింది. ఎన్నో దేశాల ఉపాధ్యాయులు వాడిన ఎడ్‌మోడో 2022లో మూతపడింది. పిల్లలు చదివిన పుస్తకాలపై వీడియోలు పెట్టుకున్న ఫ్లిప్ 2024లో విడి వేదికగా ఆగిపోయింది. పిల్లలు రాసిన మంచి అభిప్రాయాలను ప్రతి నెలా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో వారి చేతే ఎత్తి రాయించి గ్రంథాలయపు అరలో పెట్టాలి. మరుసటి ఏడాది అదే పుస్తకం తీసుకునే పిల్లలు ముందు ఆ నోట్‌బుక్ తిరగేస్తారు.

గ్రూపును ఏడాది పొడవునా నడపాలన్న పట్టుదల కూడా వద్దు. జనవరిలో సంక్రాంతి సెలవుల తరువాత పదో తరగతి వారికి పరీక్షల హడావిడి మొదలవుతుంది. ఆ పిల్లలను అప్పటికి పంపించివేసి, మిగిలిన తరగతులకు నెలకు ఒక్క కథతో సరిపెట్టి, వేసవి సెలవుల ముందురోజు ఇంటికి పుస్తకాలు ఇచ్చి పంపవచ్చు. జూన్‌లో బడి తెరిచాక కొత్త గ్రూపు వేసి, కొత్త సమ్మతి పత్రాలు తీసుకుని, పాత గ్రూపునూ అందులోని పిల్లల గొంతులనూ ఉపాధ్యాయుల ఫోన్ నుంచి తొలగించాలి.